కబురు మోసినోళ్లు దారి రాయాలె: బేగరి వెట్టి నుంచి రూటర్ ఫర్మ్‌వేర్ దాకా

ఇంటర్నెట్ గురించి మన దగ్గర జరిగిన చర్చ చాలా వరకు అందుబాటు గురించిన చర్చ. ఎవరి ఇంటికి వైరు వచ్చింది, ఎవరి వాడకు రాలేదు, ఎవరి చేతిలో ఫోన్ ఉంది, ఎవరి చేతిలో లేదు అనే లెక్క. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి పాఠాలు టీవీల్లోకి, ఫోన్లలోకి పోయినప్పుడు ఈ లెక్క ఎంత క్రూరమైనదో దళితవాడలకు అనుభవంలోకి వచ్చింది. ఆ చర్చ అవసరమే. కానీ అది సగం చర్చ మాత్రమే. వైరు వచ్చిన తర్వాత ఆ వైరులో కబురు ఏ దారిన పోవాలె, ఎవరిది ముందు పోవాలె, ఎవరిది ఆగాలె అని నిర్ణయించే రాత ఒకటి ఉంది. ఆ రాత ఎవరు రాస్తున్నరు? దాన్ని చదివే హక్కు, దిద్దే హక్కు మనకు ఉన్నదా లేదా? ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలె? ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఈ ప్రశ్నలే.

ఆ రాత పేరు ఫర్మ్‌వేర్. గోడకు వేలాడే, మనోళ్లు 'వైఫై డబ్బా' అని పిలిచే రూటర్ నిజానికి ఒక చిన్న కంప్యూటర్. దానికి ప్రాసెసర్ ఉంటుంది, మెమరీ ఉంటుంది, కరెంటు పోయినా చెరిగిపోని ఫ్లాష్ అనే చిప్ ఉంటుంది. ఆ చిప్‌లో రాసి ఉన్న ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. డబ్బా కొన్నది మనమే అయినా ఆ రాత మాత్రం కంపెనీ చేతిలో ఉంటుంది. దాన్ని అందరికీ తెరిచిపెట్టిన ప్రయత్నం ఒకటి ఇరవై ఏళ్లకు పైగా నడుస్తున్నది. దాని చరిత్ర చెప్పుకునే ముందు కబురు మోసే పనికీ మన కులాలకూ ఉన్న పాత సంబంధం చెప్పుకోవాలె.

కబురు మోసిన కులాలు

మేము ఈ వ్యాసం రాస్తున్నది కొల్లాపూర్ నుంచి. ఇప్పుడు ఇది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా. నిజాం కాలంలో ఇది సురభి వంశపు జటప్రోలు సంస్థానానికి కేంద్రం. ఈ సంస్థానం గురించి చరిత్ర పుస్తకాల్లో కనబడేది కవులు, పండితులు, రాజుల దానాలు. ఆ పండితుల కాగితాలనూ, పటేల్ పట్వారీల రిపోర్టులనూ ఊరి నుంచి ఊరికి నడిచి మోసిన కాళ్లు ఎవరివో ఆ పుస్తకాలు చెప్పవు.

తెలంగాణ ఊర్లలో ఈ పని వెట్టిలో భాగం. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణ పోరాట చరిత్రలో వెట్టి రూపాల గురించి వివరంగా రాసిండు. అంటరాని కులాల కుటుంబాలు ఇంటికొక మనిషిని వెట్టికి పంపాలె. ఆ మనిషి పటేల్, పట్వారీ, దేశ్‌ముఖ్ ఇండ్లలో చాకిరీ చేయాలె, ఠాణాకూ తాలూకా కచేరీకీ రిపోర్టులు మోయాలె, ఊరి చావడికి, బందెలదొడ్డికి కావలి ఉండాలె. బేగరి, వెట్టి మాదిగ అనే పిలుపులు ఈ పని నుంచే స్థిరపడినయి. ఊరంతా వినాల్సిన కబురుకు డప్పు కొట్టి చాటింపు వేసింది కూడా మాదిగోడే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కబురు మోసినోడికి కబురులో ఏముందో తెలువదు. చదువు నిషిద్ధం గనుక కాగితం చేతిలోనే ఉన్నా అది మూసిన కాగితమే. ఏ దారిన పోవాలె, ఎప్పటిలోగా చేరాలె, చేరకపోతే శిక్ష ఏంది అని నిర్ణయించేది దొర. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన' ప్రసంగ పాఠంలో కులం అంటే పని విభజన మాత్రమే కాదని, పనిచేసేవాళ్లనే విడగొట్టి ఒకరి మీద ఒకరిని పేర్చిన మెట్ల వరస అని వాదించిండు. కబురు వ్యవస్థలో ఆ మాట నూటికి నూరు పాళ్లు కనిపిస్తుంది. రాసేవాడు వేరు, మోసేవాడు వేరు. మోసేవాడు ఎన్ని తరాలు మోసినా రాసేవాడు కాలేడు.

దీనికి వ్యతిరేకంగా జరిగిన పోరాటాలు తక్కువేం కాదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచే అంటరాని కులాల పిల్లలకు బడులు పెట్టిండు. ఆంధ్ర మహాసభ వెట్టికి ఎదురు నిలిచింది. 1940లలో నల్లగొండ పల్లెలు దాన్ని నేల మీద ఎదిరించినయి. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయినయి. వెట్టి చట్టం నుంచి పోయింది. 1994లో మాదిగ దండోరా పుట్టినప్పుడు అదే డప్పు దొర కబురు చాటే సాధనం కాకుండా మన కబురు మనమే చాటుకునే సాధనమైంది. పాత పనిముట్టును మన చేతుల్లోకి తీసుకుని అర్థం మార్చటం మనకు కొత్త కాదు.

మూతపెట్టిన డబ్బా తెరుచుకున్న కథ

రూటర్ చేసేది బేగరి పనే. ఒక దిక్కు నుంచి వచ్చిన కబురు ముక్కను మరో దిక్కుకు అందిస్తుంది. ఒక ఊరి బేగరి పక్క ఊరి బేగరికి అప్పజెప్పినట్టు, ఒక రూటర్ మరో రూటర్‌కు అప్పజెప్పుతుంది. తేడా ఏందంటే ఇక్కడ నియమాలు రాతలో ఉంటయి, ఆ రాతను మనిషి మార్చవచ్చు.

2002 చివర్లో అమెరికాలో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రూటర్ అమ్మకానికి పెట్టింది. 2003లో సిస్కో ఆ కంపెనీని కొన్నది. ఆ డబ్బాను పరిశీలించిన కొందరు ప్రోగ్రామర్లు అందులో లినక్స్ ఉందని కనిపెట్టిండ్రు. లినక్స్ జీపీఎల్ అనే లైసెన్సు కింద వచ్చే సాఫ్ట్‌వేర్. ఆ లైసెన్సు షరతు సూటిగా ఉంటుంది: ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ ఇతరులకు ఇచ్చినప్పుడు దాని మూల రాతను, అంటే సోర్స్ కోడ్‌ను కూడా ఇవ్వాలె. కంపెనీ డబ్బాలు అమ్ముతున్నది గానీ మూల రాత ఇవ్వటం లేదు. 2003 జూన్‌లో ఈ సంగతి బహిరంగమైంది. చిప్ బ్రాడ్‌కామ్‌ది, తయారీ తైవాన్‌లోని సైబర్‌టాన్‌ది, పైన పేరు లింక్‌సిస్‌ది. బాధ్యత కాంట్రాక్టర్ కింద కాంట్రాక్టర్‌గా జారిపోయే ఇట్లాంటి వరస పాలమూరు కూలీలకు బాగా ఎరుకే. ఒత్తిడి పెరిగినంక అదే ఏడాది కంపెనీ మూల రాతను విడుదల చేసింది.

ఆ రాత మీద 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు మొదలైంది. పేరులోని డబ్ల్యూఆర్‌టీ ఆ డబ్బా పేరు నుంచి వచ్చిందే. ఒక్క డబ్బాతో మొదలైన పని తర్వాత వందల రకాల రూటర్లకు పాకింది.

అయితే ఒకసారి తెరిచిన తలుపు తెరిచే ఉంటదనుకుంటే పొరపాటు. 2005లో వచ్చిన డబ్ల్యూఆర్‌టీ54జీ ఐదో వెర్షన్‌లో కంపెనీ లినక్స్ తీసేసి వేరే మూసిన సిస్టం పెట్టింది, మెమరీ కూడా తగ్గించింది. లినక్స్ కావాలన్న వాళ్ల కోసం పేరు చివర 'ఎల్' చేర్చి వేరే మోడల్ అమ్మింది. 2008 డిసెంబర్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ లైసెన్సు ఉల్లంఘనలపై సిస్కో మీద దావా వేసింది. 2009 మేలో రాజీ కుదిరింది. రేడియో నియమాల పేరుతో అమెరికాలో కొన్ని రూటర్లకు తాళం వేసినప్పుడు, 2016లో అక్కడి ఎఫ్‌సీసీతో జరిగిన ఒప్పందంలో టీపీ-లింక్ 2 లక్షల డాలర్లు కట్టి, బయటి ఫర్మ్‌వేర్‌కు చోటిచ్చే పని చేపడతానని ఒప్పుకున్నది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, అడిగేవాళ్లుండాలె. ఈ పాఠం అట్రాసిటీ చట్టం నుంచి రిజర్వేషన్ల దాకా మనకు తెలిసిన పాఠమే.

ప్రాజెక్టు లోపల కూడా ఇట్లాంటి గొడవే జరిగింది. నిర్ణయాలు కొద్దిమంది చేతుల్లో ఉన్నయి, పారదర్శకత లేదు అంటూ 2016లో కొందరు విడిపోయి లీడ్ అనే పేరుతో వేరే ప్రాజెక్టు పెట్టుకున్నరు. 2018 జనవరిలో రెండూ మళ్లీ కలిసినయి. పేరు పాతది నిలిచింది, పని పద్ధతులు చాలావరకు విడిపోయినవాళ్లవి నిలిచినయి. రాత తెరిచి ఉండటం ఒక సంగతి, తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నయన్నది ఇంకో సంగతి.

తలుపు ఎవరికి తెరిచి ఉంది?

ఓపెన్ సోర్స్ లోకంలో తరచు వినబడే మాట: ఇక్కడ నువ్వెవరో ఎవరూ అడగరు, నీ కోడ్ మంచిదా కాదా అన్నదే చూస్తరు. ఈ మాటలో నిజం ఉంది. డిగ్రీ కాగితం అడగరు, సిఫారసు అడగరు. అయితే కోడ్ రాయటానికి కావాల్సిన తీరిక, కంప్యూటర్, ఇంగ్లీషు ఎవరికి పుట్టుకతో వచ్చినయి అనే ప్రశ్న ఆ మాట కింద దాక్కుంటుంది. అజంతా సుబ్రమణియన్ 2019లో ప్రచురించిన పుస్తకంలో ఐఐటీల్లో 'మెరిట్' అనే మాట అగ్రకులాల వారసత్వాన్ని వ్యక్తి ప్రతిభగా ఎట్లా మార్చి చూపుతుందో చర్చించింది.

దీనికి రుజువు రూటర్ లోకంలోనే దొరికింది. లింక్‌సిస్‌ను కొన్న అదే సిస్కో మీద 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ కుల వివక్ష కేసు పెట్టింది. భారతదేశం నుంచి పోయిన అగ్రకుల సూపర్‌వైజర్లు దళిత ఇంజనీర్‌ను అవకాశాలకు, జీతానికి దూరం చేసిండ్రనీ, అతను రిజర్వేషన్‌తో ఐఐటీలో చేరిన సంగతి తోటివాళ్లకు బయటపెట్టిండ్రనీ, ఫిర్యాదు చేసినంక కక్ష సాధించిండ్రనీ ఆరోపణ. కంపెనీ ఆరోపణలను తిరస్కరించింది. కేసును కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికి పంపాలన్న కంపెనీ కోరికను 2022లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు వ్యక్తుల మీద కేసు ఉపసంహరించుకున్నరు, కంపెనీ మీద కేసు నిలిచింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అట్లాంటి బిల్లునే ఆమోదిస్తే అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేసిండు. కేసు ఫలితం ఏదైనా ఒకటి తేలింది. ప్రపంచం మొత్తం మీద కబుర్లు నడిపే యంత్రాలు తయారయ్యే చోటికి కులం పాస్‌పోర్టు లేకుండానే చేరుకున్నది.

పేరు సమస్య కూడా ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి మార్పు పంపేవాళ్లు ప్రతి మార్పు చివర 'సైన్డ్-ఆఫ్-బై' అని తమ పేరుతో ఒక వరుస రాయాలె. ఈ పద్ధతి 2004లో లినక్స్ కెర్నెల్ నుంచి వచ్చింది. ఈ రాతను ఇచ్చే హక్కు నాకుంది అని చేసే వాగ్మూలం అది. దాని అవసరం మాకు అర్థమైతుంది. కానీ ఇంటిపేరు చూసి కులం కనిపెట్టటం మన తెలుగోళ్లకు వెన్నతో పెట్టిన విద్య. అమెరికా వాడికి అక్షరాలుగా కనబడేది, మనోడికి వాడ అడ్రసుగా కనబడుతుంది. కెర్నెల్ వాళ్లు 2023లో 'అసలు పేరు' అన్న నియమాన్ని 'తెలిసిన గుర్తింపు' అనేటట్టు సడలించిండ్రు. పంపే ముందు ప్రాజెక్టు నియమం చదువుకుని ఏ పేరుతో నిలబడాలో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలె. ఇంటిపేరు పూర్తిగా రాసుకోవటం కొందరికి ఆత్మగౌరవం, వదిలేయటం కొందరికి రక్షణ. రెండూ సరైనవే.

కందకం తవ్వినోళ్ల లెక్క

కొల్లాపూర్‌కు 'అభివృద్ధి' అంటే ఏందో శ్రీశైలం ప్రాజెక్టు నేర్పింది. కృష్ణ వెనక నీళ్లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊర్లు మునిగినయి. 1981లో జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించిండ్రు. జటప్రోలు, సోమశిల గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి, నంబర్లేసి, మెరక మీద మళ్లీ కట్టిండ్రు. మాలమాదిగ వాడలకు ఆ భాగ్యం దక్కలేదు. ముంపు కుటుంబానికో ఉద్యోగం అని 1986లో వచ్చిన జీవో 98 అమలు కోసం నిర్వాసితులు దశాబ్దాల పాటు కొట్లాడిండ్రు. కరెంటు పుట్టింది ఇక్కడ, వెలిగింది మరెక్కడో.

దేశంలో డ్యాములు, కాల్వలు ఎక్కడ కట్టినా మట్టి పనికి పాలమూరు లేబర్ పోయింది. అందులో ఎక్కువ మంది దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు. కేబుల్ కూడా మట్టిలోనే పోవాలె గదా. ప్రతి గ్రామ పంచాయతీకి ఆప్టికల్ ఫైబర్ వేయాలని కేంద్రం 2011లో నిర్ణయించింది, అదే తర్వాత భారత్‌నెట్ అయింది. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు పరిచిండ్రు. కందకం తవ్విన కులాలకు, ఆ కందకం చివర గోడ మీద వెలిగే డబ్బాలోని రాతకు ఏ సంబంధమూ లేకుండా పోయింది. సేవ ఇచ్చే కంపెనీలు పెట్టే డబ్బాల పాస్‌వర్డు కూడా చాలాసార్లు వాడుకునే మనిషికి చెప్పరు. చెడిపోతే పారేయాలె, లేకుంటే కొత్తది కొనాలె.

పారేసిన డబ్బాల దగ్గరే ఇంకో అన్యాయం కనిపిస్తుంది. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఆర్740ఎన్ లాంటి చవక రూటర్లు మన పట్నాల్లో విరివిగా అమ్ముడయినయి. వాటిలో ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ. లినక్స్ పెరిగినకొద్దీ ఆ చోటు చాలక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 తర్వాత వాటికి అధికారికంగా మద్దతు ఆపేసింది. సాంకేతిక కారణం నిజమే. కానీ ఫలితం ఏంది? పేదోడి చేతిలో ఉన్న డబ్బాకే భద్రతా దిద్దుబాట్లు అందకుండా పోయినయి. 2024 నవంబర్‌లో ప్రాజెక్టు తన సొంత రూటర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ తెచ్చింది. సగంలో ఆగిపోయినా మళ్లీ లేపుకునేటట్టు రెండు వేరు ఫ్లాష్ చిప్‌లు పెట్టిండ్రు. మంచి పని. ధర 89 డాలర్లు, అప్పటి లెక్కన దాదాపు 7,500 రూపాయలు. 2024-25లో తెలంగాణ ఉపాధి హామీ కూలి రోజుకు 300. అంటే 25 రోజుల కూలి. అందుకే మేము చెప్పేది: పాత డబ్బాలతోనే మొదలుపెడదాం.

ఎక్కడ మొదలుపెట్టాలె

ప్రోగ్రామింగ్ వచ్చినోళ్లే ఈ పనిలోకి పోవాలె అనేది భ్రమ. పనికి మెట్లున్నయి. కులం మెట్లకూ వీటికీ తేడా ఏందంటే ఇక్కడ కింది మెట్టు మీదోడు పై మెట్టు ఎక్కవచ్చు.

మొదటి మెట్టు చదవటం. డబ్బాను తిరగేసి కింద అంటించిన చీటీ మీద మోడల్ పేరు, వెర్షన్ నంబర్ రాసుకోవాలె. వెర్షన్ చాలా ముఖ్యం. పేరు ఒకటే ఉన్నా వెర్షన్ మారితే లోపలి చిప్ మారుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ హార్డ్‌వేర్ పట్టికలో ఆ మోడల్ ఉందేమో చూడాలె. ఫ్లాష్ కనీసం 8 ఎంబీ, ర్యామ్ 64 ఎంబీ ఉంటేనే ఏదో కొంత నడుస్తుంది, 16, 128 ఉంటే నయం. పట్టికలో మన దేశంలో దొరికే వెర్షన్ వివరం తప్పుంటే దిద్దటం, లేకుంటే చేర్చటం కూడా తోడ్పాటే.

రెండో మెట్టు ఎక్కించటం. ఇంట్లో, హాస్టల్లో పనిచేస్తున్న డబ్బా మీద ఎప్పుడూ ప్రయోగం చేయొద్దు. సేవ ఇచ్చే కంపెనీ సొత్తయిన డబ్బా జోలికి పోవద్దు. సొంత పాత డబ్బా తీసుకోవాలె. కంపెనీ ఫర్మ్‌వేర్ మీది నుంచి మొదటిసారి ఎక్కించే ఫైలు వేరు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కినంక మార్చే ఫైలు వేరు. దించుకున్న ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో హ్యాష్ సంఖ్య పోల్చి చూడాలె. రాస్తుండగా కరెంటు పోతే డబ్బా 'ఇటుక' అయితుంది. మన ఊర్ల కరెంటుకు బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోవటం మేలు. ఎక్కినంక వైఫై సెట్టింగుల్లో దేశం ఇండియా అని పెట్టాలె. మన దేశంలో 2005 నుంచి 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి, 2018 నుంచి 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగానికి లైసెన్సు అక్కర లేదు గానీ శక్తి పరిమితులున్నయి.

మూడో మెట్టు లోపం చెప్పటం. 'పనిచేస్తలేదు' అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ మోడల్, ఏ వెర్షన్ ఫర్మ్‌వేర్, ఏం చేసినం, ఏం జరగాలె, ఏం జరిగింది అని వరసగా రాయాలె. లాగ్‌రీడ్, డీమెసేజ్ ఆదేశాలు చూపే రాతను జతచేయాలె. పాస్‌వర్డులు, ఇంటి వివరాలు ముందే తీసేయాలె. నిజనిర్ధారణ కమిటీ రిపోర్టు ఎట్లా రాస్తమో తెలిసిన కార్యకర్తకు ఈ పని కొత్త కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, సాక్ష్యం ఏంది అన్నదే గదా.

నాలుగో మెట్టు భాష. రూటర్ సెట్టింగుల పేజీ పేరు లూసీ. దాని మాటల్ని వెబ్‌లేట్ అనే చోట బయటివాళ్లు ఎవరైనా అనువాదం చేయవచ్చు. హిందీ, మరాఠీ లాంటి భాషల పేర్లు అక్కడున్నయి. తెలుగు ఎంతవరకు ఉందో, ఏ తెలుగు ఉందో చూసి పూర్తి చేయటం మన పని. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి లినక్స్‌ను తెలుగులోకి తేవటానికి చేసిన కృషి ముందే ఉంది. మేము జోడించేది ఒక్కటే: పండితుల కొత్త మాటలు కాకుండా వాడలో పిల్లలకు చదవంగనే తెలిసే మాటలు పెట్టాలె. 'పాస్‌వర్డ్'ను పాస్‌వర్డ్ అనే ఉంచాలె.

ఐదో మెట్టు నిర్మాణం. లినక్స్ ఉన్న కంప్యూటర్, పదిహేను ఇరవై జీబీ ఖాళీ, ఓపిక కావాలె. గిట్‌తో మూల రాతను దించుకుని, 'మేక్ మెనూకాన్ఫిగ్' ఆదేశంతో మన డబ్బాను ఎంచుకుని, 'మేక్' అనాలె. మొదటిసారి గంటలు పడుతుంది, ఎందుకంటే అది కంపైలర్‌ను కూడా అక్కడే కట్టుకుంటుంది. ఇంటికొక కంప్యూటర్ లేకుంటే ఐదుగురు కలిసి ఒక్క దాని మీద చేయవచ్చు. బెంగళూరు మురికివాడలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు నడిపిన అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పాత కంప్యూటర్లతోనే నడిచింది.

ఆరో మెట్టు ప్యాచ్. ప్యాచ్ అంటే అతుకు. తెగిన చెప్పుకు ఎంత మేర తోలు కావాలో అంతే కోసి, పాత కుట్టుతో కలిసేటట్టు వేయటం మాదిగ ఇండ్లలో చూసి పెరిగినోళ్లకు దీని నీతి వేరే చెప్పక్కర లేదు. ఒక ప్యాచ్ ఒక్క పనే చేయాలె. మొదటిది చిన్నగా ఉండాలె. ఒక ప్యాకేజీ వెర్షన్ సంఖ్యను, హ్యాష్‌ను మార్చి, కట్టి, డబ్బా మీద నడిపి చూసి పంపటం మంచి మొదలు. మార్పు పైన 'ఏం మారింది, ఎందుకు' అని నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయాలె. ఇంగ్లీషు భయం మాకు తెలుసు, మా ఇండ్లల్ల యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేము. ఇతరులు రాసిన ఇరవై ముప్పై వివరణలు చదివితే ఆ భాష ఎంత చిన్నదో తెలుస్తుంది. అది షేక్‌స్పియర్ ఇంగ్లీషు కాదు, మేస్త్రీ ఇంగ్లీషు.

చివరి మెట్టు కొత్త డబ్బాకు మద్దతు చేర్చటం. మూత విప్పి బోర్డు మీద సీరియల్ పిన్నులు వెతకాలె. 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్‌తో పంపే, అందుకునే, గ్రౌండ్ వైర్లు మూడే కలపాలె, కరెంటు పిన్ను కలపొద్దు. చాలా డబ్బాలు 115200 వేగంతో తాము లేచేటప్పుడు చేసే పనులన్నీ వరసగా చెప్పుతయి. ఆ రాత చూసి, దగ్గరి పోలిక ఉన్న మోడల్ ఫైలు ఆధారంగా, ఏ బటన్ ఎక్కడుంది, ఏ లైటు ఏ పిన్నుకుంది, ఫ్లాష్ ఎన్ని భాగాలు అని 'డివైస్ ట్రీ' ఫైలులో రాయాలె. ఎక్కించే విధానం, చెడితే తిరిగి లేపే విధానం కూడా రాస్తేనే ఒప్పుకుంటరు.

పంపినంక వారాల తరబడి జవాబు రాకపోవచ్చు. వచ్చిన జవాబు కటువుగా ఉండవచ్చు. అందరి ప్యాచ్‌లకూ ఇదే జరుగుతుందని అక్కడి పాత చర్చలు చదివితే తెలుస్తుంది. అడిగిన దిద్దుబాటు చేసి రెండో వెర్షన్ అని పంపాలె. అయితే అవమానం వేరు, విమర్శ వేరు. తరాలుగా అవమానపడినోళ్లకు ఆ తేడా పట్టుకోవటం కష్టమే. అందుకే ఒంటరిగా కాకుండా గుంపుగా పోవాలె. జవాబును నలుగురు కలిసి చదవాలె.

లంద చెప్పే పాఠం

కార్యకర్తలు ఒక మాట అడుగుతరు: భూమి రాలేదు, దాడులు ఆగలేదు, ఈ డబ్బా గోల ఎందుకని. భూమి పోరాటాన్ని పక్కకు పెట్టమని మేము అంటలేము. కానీ రేషన్, పింఛన్, పరీక్ష దరఖాస్తు, ఉద్యోగ నోటిఫికేషన్ అన్నీ ఈ దారి మీదనే నడుస్తున్నప్పుడు దారి రాసే పని మనది కాదనుకోవటం మళ్లీ బేగరి స్థానాన్ని ఒప్పుకోవటమే అయితది.

మనకు విజ్ఞానం లేక కాదు. లందలో పచ్చి తోలును సున్నంతో, తంగేడు చెక్కతో ఎన్ని రోజులు నానబెట్టాలె, ఎప్పుడు తీయాలె అని తెలిసిన మాదిగలు రసాయన శాస్త్రం చేసిండ్రు. కంచ ఐలయ్య 1996 నుంచి నొక్కి చెబుతున్నది ఉత్పత్తి కులాల ఈ జ్ఞానం గురించే. కానీ దాన్ని రాసుకోనివ్వలేదు, అంటరానితనం దాన్ని మైల అన్నది, ఫ్యాక్టరీ తోలు వచ్చినంక అది చేతులతో పాటే పోయింది. రాయబడని జ్ఞానానికి హక్కుదారు ఉండడు. ఓపెన్ సోర్స్‌లో ప్రతి మార్పూ, అది చేసిన మనిషి పేరూ, తేదీ, కారణం చరిత్రగా నిలిచిపోతయి. పేరు చెరిపేయటం సులువు కాదు. చరిత్రలో పేరు లేకుండా చేయబడ్డ కులాలకు ఇది చిన్న సంగతి కాదు.

అందుకని అధ్యాపకులకు మా సూచన: కాలేజీ మూలన పడేసిన పాత రూటర్లు రెండు పిల్లల చేతికియ్యండి. విద్యార్థులకు: ఈ నెల ఒక డబ్బా చీటీ చదవండి, వచ్చే నెల ఒక లోపం రాసి పంపండి, ఏడాది తిరిగేలోగా ఒక అతుకు వేయండి. సంఘాలకు: హాస్టల్ డిమాండ్ల జాబితాలో మెస్ చార్జీలతో పాటు తెరిచి చూసుకోగల రూటర్‌ను, దాని పాస్‌వర్డును కూడా చేర్చండి. మన తాతలు ఎవరి కబురో తెలువకుండా మోసిండ్రు. ఆ దారిని రాసిన పేర్ల వరసలో ఇక మన వాడల పేర్లు కూడా ఉండాలె.